ఫెయిలైన సీరియల్‌కి సంతకం పెట్టిన లూసీ

మా ఇంట్లో ఒక మార్కుల పుస్తకం ఉంది. బడి మార్కులనుకునేరు... కాదు, టీవీ మార్కులు!

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వేసవి సెలవుల్లో మొదలుపెట్టిన పని ఇది. పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలకి స్కేలుతో గీతలు కొట్టి గడులు చేసింది. ‘స్టార్ ట్రెక్’ అనే పాత అమెరికా సైన్స్ సీరియల్‌ని రోజుకొక ఎపిసోడ్ చొప్పున నెట్‌లో చూడటం, పదికి ఇన్ని అని మార్కులు వేయడం. కథకి నాలుగు, నటనకి మూడు, చూపించిన గ్రహం ఎంత కొత్తగా ఉందన్నదానికి మూడు. కింద రెండు వాక్యాల్లో తన అభిప్రాయం. పెద్ద పత్రికా విమర్శకుల తీరే!

మాది హొళగుంద. ఆదోని నుంచి బస్సెక్కితే వస్తుంది మా ఊరు. ఇంకాస్త పోతే కర్ణాటకే. ఒకే వాక్యంలో సగం తెలుగు, సగం కన్నడ మాట్లాడేవాళ్లం. దసరా రాత్రి దేవరగట్టులో జరిగే కర్రల సమరం గురించి పేపర్లలో చదివే ఉంటారు, అది మా మండలమే. అలాంటి ఊళ్లో రాత్రి ఏడు గంటలకి అంతరిక్ష నౌకలూ, చెవులు మొనదేలిన మనుషులూ ఏమిటని నవ్వొస్తోందా? మాకూ మొదట్లో నవ్వే వచ్చింది.

నిజానికి ఈ సీరియల్‌ని 1980ల్లోనే మన దూరదర్శన్ చూపించింది. అప్పటికి నేను పుట్టీ పుట్టని పిల్లని. నాకు తెలిసిన అంతరిక్షమల్లా 1998లో వచ్చిన ‘కెప్టెన్ వ్యోమ్’. ఇప్పుడు మా అమ్మాయి పుణ్యమా అని అరవయ్యేళ్ల నాటి సీరియల్ చూస్తున్నాను. నేనొక్కదాన్నే కాదు, మా అత్తగారు కూడా. చేటలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుస్తూ కూర్చుంటారు. వాళ్లేమంటున్నారో నేను తెలుగులో చెబుతుంటాను. చివర్లో ఆమెకీ మార్కులు వేసే హక్కుంది. పుస్తకంలో ‘అవ్వ మార్కులు’ అని వేరే గడి ఉంది మరి!

‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ అని ఒక ఎపిసోడ్. 1967 మార్చిలో వచ్చింది. ఏదో గ్రహంలో గని తవ్వుతుంటారు. బండరాయిలాంటి ప్రాణి ఒకటి చీకట్లో కాపుగాసి పనివాళ్లని చంపుతుంటుంది. తీరా చూస్తే అది తల్లి. వాళ్లు గుండ్రాళ్లనుకుని పగలగొట్టి పారేసినవి దాని గుడ్లు! ఈ మాట చెప్పగానే మా అత్తగారి చేతిలో కాయలు ఆగిపోయాయి. కడుపుకోత తెలిసేకి ఇంగిలీసు ఎందుకుమే, పదికి పది వెయ్యమను అన్నారు. ధాన్యం గోదాములో బొచ్చు ఉండల్లాంటి ప్రాణులు పడి పిల్లలమీద పిల్లలు పెట్టే ఎపిసోడ్‌కి ఎనిమిదిచ్చారు. బియ్యంలో పురుగు పడితే పడే బాధ ఆమెకి తెలుసు కదా! ఒకరి మెదడునే ఎత్తుకుపోయే ‘స్పాక్స్ బ్రెయిన్’ అనే ఎపిసోడ్‌కి మా అమ్మాయి ముందు ఒకటి వేసి, పాపమనిపించి రెండు చేసింది.

ఒకరోజు ‘ది కేజ్’ అనే ఎపిసోడ్ చూశాం. అన్నిటికన్నా ముందు, 1964 చివర్లో, నమూనాగా తీసిన భాగమట. మా అమ్మాయి నాలుగు మార్కులేసింది. కింద, నెమ్మదిగా ఉంది, ఆలోచనలు ఎక్కువ, జరిగేది తక్కువ అని రాసింది. సరిగ్గా ఇదే కారణం చెప్పి అప్పట్లో టీవీ కంపెనీ వాళ్లు కూడా దాన్ని తిప్పికొట్టారని నేను చదివాను, ఆ మాటే చెప్పాను. అది వెంటనే అడిగింది... మొదటిదే ఫెయిలైతే తర్వాత డెబ్భై తొమ్మిది ఎపిసోడ్లు ఎలా వచ్చాయమ్మా అని.

మంచి ప్రశ్నే. జవాబు ప్రతి ఎపిసోడ్ చివర్లోనూ ఉంది. పేర్లన్నీ పడిపోయాక, మనం టీవీ కట్టేసే సమయానికి, ‘డెసిలు’ అని ఒక పేరు వస్తుంది. రెండో ఏడాది ఎపిసోడ్లలో ఒకచోట నుంచి ఆ పేరు పోయి ‘పారామౌంట్’ అని పడుతుంది. డెసిలు అంటే డెసీ, లూసీ అనే మొగుడూ పెళ్లాల పేర్లు కలిపి పెట్టుకున్న పేరు. ఈ సీరియల్ నాటికి డెసీ వెళ్లిపోయాడు. మిగిలింది లూసీ ఒక్కతే. ఆమె కథే ఇది.

అద్దం ఒక్కటే ఉన్న ఇల్లు

లూసిల్ బాల్ 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి టెలిఫోను తీగలు వేసే పనివాడు. పిల్లకి మూడేళ్లున్నప్పుడు, 1915లో, టైఫాయిడ్ వచ్చి పోయాడు. అప్పటికి తల్లి కడుపుతో ఉంది. చేతిలో ఒకరు, కడుపులో ఒకరు... ఆ తల్లి అవస్థ మన ఊళ్లలో వేరే వివరించక్కర్లేదు. పిల్లని తీసుకుని పుట్టింటికి చేరింది.

కొన్నాళ్లకి తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పని వెతుక్కుంటూ ఆ భార్యాభర్తలు వేరే ఊరు పోతూ లూసీని మారుతండ్రి తల్లిదండ్రుల దగ్గర వదిలారు. వాళ్లు నిష్ఠ గల మనుషులు. ఇల్లంతటికీ స్నానాల గదిలో ఒక్కటే అద్దం. అందులో ముఖం చూసుకుంటూ దొరికిపోయినందుకు ఆ పిల్ల చీవాట్లు తింది. ముందు ముందు కోట్ల మంది చూడబోయే ముఖం అది!

ఆమెలోని సరదాని గమనించినవాడు అమ్మమ్మ భర్త, తాత ఫ్రెడ్ హంట్. నాటకాలకి, ఆటపాటలకి తీసుకెళ్లేవాడు. పదిహేనేళ్లప్పుడు తల్లి అప్పోసప్పో చేసి న్యూయార్క్‌లో నాటకాల బడిలో చేర్చింది. అక్కడ బెట్టీ డేవిస్ అనే అమ్మాయి అందరికన్నా ముందుండేది, తర్వాత పెద్ద తార అయింది. మన లూసీకి మాత్రం నోరు పెగల్లేదు. ఈ పిల్లకి ఈ విద్య అబ్బదు, మీ డబ్బు దండగ అని బడివాళ్లు తల్లికి చెప్పి పంపేశారు. అవీ ఆమెకి పడిన మొదటి మార్కులు.

కష్టాలు అంతటితో ఆగలేదు. 1927లో తాతగారింటి పెరట్లో పిల్లలు తుపాకీతో గురి చూస్తుండగా అది తగలరాని పిల్లవాడికి తగిలి, వాడికి నడుము కింద చచ్చుబడింది. కేసుల్లో ఆ ఇల్లు పోయింది. లూసీ మళ్లీ న్యూయార్క్ వెళ్లి బట్టల దుకాణంలో చీరలు కట్టి చూపించే మన అమ్మాయిల్లాగా గౌన్లు వేసుకుని చూపించే పనిలో కుదిరింది. అంతలో కీళ్ల జబ్బు. కాళ్లు కదలక దాదాపు రెండేళ్లు ఇంట్లో కూర్చుంది. మళ్లీ నడక నేర్చుకుని, మళ్లీ అదే ఊరికి, మళ్లీ అదే పనికి పోయింది.

ఎందుకో నాకు ఇక్కడే ఆమె మీద గౌరవం కలిగింది. తర్వాత వచ్చిన డబ్బూ, పేరూ చూసి కాదు. లేచి మళ్లీ అదే ఊరికి వెళ్లింది చూడండి, అందుకు.

గర్భిణి అన్న మాట నిషేధం

1933లో హాలీవుడ్ చేరింది. పదిహేడు పద్దెనిమిదేళ్లు చిన్నా చితకా వేషాలు. పక్కన నిలబడే అమ్మాయి, రెండో నాయిక, తక్కువ ఖర్చు సినిమాల నాయిక... ఆర్‌కెవో అనే స్టూడియోలో నెలజీతపు నటి. ఈ స్టూడియో పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1940లో క్యూబా దేశం నుంచి వచ్చిన పాటగాడు డెసీ ఆర్నాజ్‌ని పెళ్లి చేసుకుంది. ఆమెకన్నా ఆరేళ్లు చిన్నవాడు. అతను బ్యాండు పట్టుకుని ఊళ్లు తిరుగుతాడు, ఆమె సినిమా సెట్లలో ఉంటుంది. కలిసి ఉన్న రోజులు తక్కువ, గొడవలు ఎక్కువ. పిల్లలు నిలవలేదు. రేడియోలో ఆమె హాస్య నాటకం బాగా నడుస్తుంటే, దాన్నే టీవీకి చేయమని సీబీఎస్ కంపెనీ అడిగింది. భర్తగా మా ఆయనే వేయాలని లూసీ పట్టుబట్టింది. తెల్ల అమ్మాయికి క్యూబా మొగుడంటే జనం ఒప్పుకోరని కంపెనీ సందేహం. ఆమె వాదన పెట్టుకోలేదు. 1950లో ఇద్దరూ ఊరూరా తిరిగి స్టేజీల మీద ఆడి చూపించారు. జనం విరగబడి నవ్వారు. కంపెనీ నోరు మూతపడింది.

1951 జూలైలో కూతురు పుట్టింది. లూసీకి అప్పటికి నలభై నిండబోతున్నాయి. పసిదానికి మూడు నెలలైనా నిండకుండానే, అక్టోబరు 15న, ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది.

ఇక్కడొక తెలివైన పని చేశారు ఆ దంపతులు. అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి అప్పటికప్పుడు ఆడి ప్రసారం చేసేవి. వీళ్లు మాత్రం తమ ఊళ్లోనే, జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడు కెమెరాలతో సినిమా ఫిలిం మీద తీస్తామన్నారు. కెమెరా పనికి కార్ల్ ఫ్రాయిండ్‌ని తెచ్చుకున్నారు. ‘మెట్రోపొలిస్’ అనే 1927 నాటి మూకీ సైన్స్ సినిమాకి పనిచేసిన దిట్ట ఆయన. ఖర్చెక్కువని కంపెనీ గొణిగితే, మా జీతం తగ్గించుకుంటాం, ఫిలిం మీద హక్కు మాత్రం మాకివ్వండి అన్నారు. ఒకసారి చూపించేసిన దాన్ని మళ్లీ ఎవరు చూస్తారని కంపెనీ ఒప్పేసుకుంది. మళ్లీ మళ్లీ చూస్తారని తర్వాత లోకానికి తెలిసింది! మనం ఇవాళ పాత సీరియళ్లు తిరగేసి చూస్తున్నామంటే, ఆ దారి వేసినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు.

రెండో ఏడాది ఆమె మళ్లీ కడుపుతో ఉంది. సీరియల్ ఆపేస్తారని అందరూ అనుకున్నారు. వాళ్లు ఆపలేదు, కథలో లూసీనీ గర్భవతిని చేశారు. అయితే గర్భిణి అన్న మాట మాత్రం టీవీలో పలకకూడదని కట్టడి. స్క్రిప్టుల్ని ముగ్గురు మతపెద్దలు చదివి సరేననాలి. ఆడవాళ్ల కడుపు గురించి ఎంతమందికి పెత్తనమో చూడండి! 1953 జనవరి 19న కథలోని లూసీకి కొడుకు పుట్టాడు. అదే రోజు నిజం లూసీకీ కొడుకే పుట్టాడు. ఆ రాత్రి దాన్ని 4 కోట్ల 40 లక్షల మంది చూశారని లెక్క. మర్నాడు జరిగిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూసినవాళ్లు అంతకంటే చాలా తక్కువ.

ఈ లెక్కలు తీసేది నీల్సన్ అనే సంస్థ. ఎంపిక చేసిన కొద్ది ఇళ్లలో టీవీకి ఒక యంత్రం తగిలించి, ఎవరింట్లో ఏది నడుస్తోందో చూసి దేశం మొత్తానికి లెక్క కడుతుంది. మన టీఆర్‌పీ కూడా ఇదే పద్ధతి. ఆ 1952-53 సంవత్సరంలో ‘ఐ లవ్ లూసీ’కి సగటున 67.3 వచ్చింది. అంటే టీవీ ఉన్న ఇళ్లలో నూటికి అరవై ఏడు ఇళ్లు! అన్ని మార్కులు తర్వాత ఇంకే సీరియల్‌కీ ఏడాది సగటున రాలేదు. నాటకాల బడి తోసిపారేసిన పిల్లకి వచ్చిన మార్కులివి.

యజమానురాలి కుర్చీలో

1957 చివర్లో ఆ దంపతులు అరవై లక్షల డాలర్లకు పైగా పెట్టి ఒక స్టూడియో కొన్నారు. ఏ స్టూడియో అనుకున్నారు? ఆర్‌కెవో! ఒకప్పుడు ఆమెకి నెలజీతం ఇచ్చి చిన్న వేషాలు వేయించిన చోటే.

బయటికి అంతా వెలుగే. ఇంట్లో మాత్రం చీకటి. డెసీ వ్యాపారంలో ఘనుడే గానీ తాగుడూ, పరస్త్రీలూ అతన్ని వదల్లేదు. తెర మీద దేశాన్ని నవ్వించిన జంట 1960లో విడాకులు తీసుకుంది. 1962లో అతని వాటా కూడా ఆమే కొనేసింది. పెద్ద టీవీ స్టూడియోని సొంతంగా నడిపిన తొలి మహిళ అని ఇప్పటికీ ఆమె పేరే చెబుతారు.

ఆ కుర్చీ పూలపాన్పేమీ కాదు. పగలు వ్యాపారం, సాయంత్రం రిహార్సల్, ఇంటికి పోతే ఇద్దరు పిల్లలు. లెక్కల కాగితాలు ఆమెకి ఇష్టం ఉండేవి కావంటారు. కానీ కుర్చీ వదల్లేదు.

ఫెయిలైన కథకి రెండో పరీక్ష

1964 నాటికి డెసిలు పరిస్థితి ఏమంత బాగాలేదు. వాళ్ల సొంత సీరియళ్లలో గట్టిగా నడుస్తున్నది లూసీ నటించేదొక్కటే. కొత్తవి కావాలి. అప్పుడు జీన్ రోడెన్‌బెరీ అనే రచయిత అంతరిక్ష నౌక కథ పట్టుకొచ్చాడు. పేరు విని లూసీ అది ఊరూరా తిరిగి ఆడే నాటకాలవాళ్ల కథేమో అనుకుందని ఒక సరదా ముచ్చట చెప్పుకుంటారు.

నమూనాగా తీసిందే మా అమ్మాయి నాలుగు మార్కులేసిన ‘ది కేజ్’. ఖర్చు ఆరు లక్షల డాలర్లు దాటింది. ఎన్‌బీసీ కంపెనీ చూసి, మేధావితనం ఎక్కువైందని వద్దంది. అయితే పూర్తిగా తలుపు వేయకుండా, మరోటి తీసి చూపించమంది. అలా రెండో అవకాశం ఇవ్వడం అప్పట్లో చాలా అరుదు. 1965లో రెండోది తీశారు. ఆ షూటింగు చివరి రోజు ఆలస్యమవుతుంటే యజమానురాలు స్వయంగా చీపురు పట్టి సెట్టు ఊడ్చిందని అక్కడ పనిచేసినవాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు. ఇది చదివి మా అత్తగారికి చెబితే, ఊడ్చేకి సిగ్గేముంది, ఆయమ్మ ఇల్లే కదా అన్నారు!

ఒక్క సంగతి మాత్రం నా మనసులో ముల్లులా ఉంది. మొదటి నమూనాలో నౌకలో కెప్టెన్ తర్వాత స్థానం ఒక స్త్రీది. రెండోదానికి ఆ పాత్ర లేదు. ఎందుకు తీసేశారన్నదానికి రకరకాల కారణాలు చెబుతారు. కారణం ఏదైనా, స్టూడియోకి పెద్ద ఆడది, ఆమె స్టూడియో తీసిన నౌకలో మాత్రం ఆడది పెద్ద కాకుండా పోయింది. 1969లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో అయితే కెప్టెన్ కావాలని కోరుకున్న స్త్రీని పిచ్చిదానిలా చూపించారు. మా ముగ్గురి మార్కులూ కలిసిన ఎపిసోడ్ అదొక్కటే... ఒకటి, ఒకటి, ఒకటి!

సరే, రెండో నమూనా ఎన్‌బీసీకి నచ్చింది. కానీ అసలు గండం ఇంట్లోనే ఉంది. వారానికొక కొత్త గ్రహం, కొత్త వేషాలు, కొత్త కెమెరా మాయలు... కంపెనీ ఇచ్చే డబ్బు చాలదు, ప్రతి ఎపిసోడ్‌కీ నష్టమే అని డెసిలు డైరెక్టర్లు లెక్కలు చూపించారు. అప్పుడే తయారవుతున్న ‘మిషన్ ఇంపాసిబుల్’దీ అదే గతి. రెండూ వద్దన్నారు పెద్దమనుషులు. వాళ్ల లెక్క తప్పేమీ కాదు, నిజంగానే నష్టం వచ్చింది. అయినా లూసీ వాళ్ల మాట కాదని సరేనంది. తియ్యమంది.

1966 సెప్టెంబరు 8న ‘స్టార్ ట్రెక్’ అమెరికా ఇళ్లలోకి వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. మార్కులు వేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ మార్కులు వేయడానికి ముందు అది జనం ముందుకి రావాలి కదా! దానికోసం ఎవరో ఒకరు నష్టపోవడానికి సిద్ధపడి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పేరు పుస్తకంలో ఏ గడిలోనూ ఉండదు.

లక్షకు పైగా ఉత్తరాలు

వచ్చింది సరే, మార్కులు? అంతంత మాత్రమే. నీల్సన్ లెక్కల్లో చాలావరకు వెనక బెంచీయే. 1967లో లూసీ తన స్టూడియోని 1 కోటి 70 లక్షల డాలర్లకి గల్ఫ్ అండ్ వెస్ట్రన్ అనే కంపెనీకి అమ్మేసింది. అది పారామౌంట్‌లో కలిసిపోయింది. ఎపిసోడ్ చివర పేరు మారింది అందుకే.

రెండో ఏడాది చివరికి సీరియల్ ఆపేస్తారని మాట పుట్టింది. అప్పుడు బ్జో ట్రింబుల్ అనే ఇల్లాలు, భర్తతో కలిసి, చూసేవాళ్లందరిచేత ఉత్తరాలు రాయించే పని నెత్తికెత్తుకుంది. 1967 డిసెంబరు నుంచి 1968 మార్చి లోపల లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయని ఎన్‌బీసీయే ఒప్పుకుంది. మూడో ఏడాది కూడా నడుస్తుందని టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది.

మా అమ్మాయికి బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. డొరొతీ జోన్స్ అనే ఆవిడ ఒక్కో ఎపిసోడ్ చూస్తూ, అందులో ఏ గ్రహం, ఏ మనిషి, ఏ వస్తువు వచ్చిందో చిన్న చిన్న కార్డుల మీద రాసిపెట్టుకుంది. దాన్ని ట్రింబుల్ 1969లో పుస్తకంగా తెచ్చింది. అప్పటికి వీడియో లేదు, రికార్డు చేసుకోవడం లేదు. ఒకసారి పోయిన ఎపిసోడ్ మళ్లీ వేసేదాకా దొరకదు. వంటింటి పనుల మధ్య కూర్చుని వాళ్లు రాసిన చీటీలే ఆ సీరియల్‌కి జ్ఞాపకం అయ్యాయి. మా ఇంటి నోటు పుస్తకానికి అమ్మమ్మ లాంటిదన్నమాట ఆ పుస్తకం!

1969 జూన్‌లో సీరియల్ ఆగిపోయింది. ఆగాకే అసలు బతుకు మొదలైంది. చిన్న చిన్న స్టేషన్లు మళ్లీ మళ్లీ వేశాయి, పిల్లలు బడి నుంచి వచ్చి చూశారు. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కి ప్రేక్షకుల ఉత్తరాల ఒత్తిడి మీద ఆ నౌక పేరే, ‘ఎంటర్‌ప్రైజ్’ అని పెట్టింది. 1979 నుంచి సినిమాలు, 1987 నుంచి కొత్త సీరియళ్లు. నష్టమని పెద్దమనుషులు కొట్టేయబోయిన లెక్క అది!

ఎనిమిది వారాలు

ఇంత చేసిన మనిషికి చివర్లో ఏం మార్కులు వచ్చాయో తెలుసా?

1986లో, డెబ్భై అయిదేళ్ల వయసులో, ‘లైఫ్ విత్ లూసీ’ అని కొత్త సీరియల్‌తో వచ్చింది. ఈ వయసులో నిచ్చెనలెక్కి దూకే హాస్యమేమిటని విమర్శకులు వెక్కిరించారు. నీల్సన్ లెక్కల్లో అట్టడుక్కి పోయింది. పదమూడు తీశారు, ఎనిమిది వేశారు, ఆపేశారు. ఒకప్పుడు నూటికి అరవై ఏడు ఇళ్లలో నవ్వు పూయించిన మనిషి, జనానికి నేనింక అక్కర్లేదనుకుని కుంగిపోయింది.

అదే ఏడాది డిసెంబరు 2న డెసీ క్యాన్సర్‌తో పోయాడు. విడిపోయి ఇరవయ్యారేళ్లైనా వాళ్ల స్నేహం పోలేదు. అయిదు రోజులకి వాషింగ్టన్‌లో ఆమెకి కెనెడీ సెంటర్ పురస్కారం. ఆమె గురించి అతను ముందే రాసి పంపిన ప్రేమపూర్వకమైన మాటల్ని ఆ సభలో చదివి వినిపించారు. రాసినవాడు లేడు. విన్న ఆమె కళ్లు ఎలా ఉండి ఉంటాయో నేను రాయనక్కర్లేదు.

1989 ఏప్రిల్ 26న, గుండె ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకే, లూసిల్ బాల్ కన్నుమూసింది. డెబ్భై ఏడేళ్లు. ఆమె నటించిన చివరి సీరియల్ ఫెయిలైంది. ఆమె సంతకం పెట్టిన సీరియల్ ఇవాళ హొళగుందలో మా ముందుగదిలో నడుస్తోంది.

నా సంగతీ ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ల క్రితం నేను రాసిన ఒక కథ తిరిగొచ్చింది. ఎక్కడి నుంచో చెప్పను. బరువుగా ఉంది, ఆడవాళ్లు చదవరు అని చీటీ. ఆడదాన్నైన నేను రాసిన కథ ఆడవాళ్లు చదవరట! ఆ కథని బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టేశాను. చాలాకాలం ఇంకేమీ రాయలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లూసీ కథ చెప్పిన మర్నాడు మా అమ్మాయిని అడిగాను, ‘ది కేజ్’ మార్కులు మారుస్తావా అని. మార్చనంది. నాలుగంటే నాలుగే, బాగాలేకపోతే బాగాలేదనాలి కదా అంది. నిజమే. కానీ సాయంత్రం చూస్తే ఆ నాలుగు పక్కన చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం చేరింది. ఫెయిలైంది గానీ మళ్లీ రాయనిచ్చారు, అని.

ఆ రాత్రి బీరువా తీశాను. కథ చదివితే నాకే కొన్నిచోట్ల బరువనిపించింది. ఆ చీటీ రాసినవాళ్లు పూర్తిగా తప్పు కాదు. మొదటి రెండు పేజీలు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మా అత్తగారు కాయలు ఒలుస్తూ, ఏందిమే రాస్తాండావు అన్నారు. చదివి వినిపిస్తానన్నాను. ఎన్ని మార్కులేస్తారో తెలియదు. ఆమె మొహమాటానికి వేసే మనిషి కాదు.

మీ బీరువాలో కూడా అలాంటి కాగితాలేవైనా ఉంటే, ఈ ఆదివారం ఒకసారి బయటికి తీసి చూడండి.